వాడపల్లిలో ఆగిపోయిన కెమెరా: మెమరీ కార్డు రఫ్తార్ కథ



ఈసారి తవారీఖ్ రాద్దామని కూర్చున్నాను. రాస్తూ పోతే అది సగం మెమరీ కార్డుల కథ అయ్యింది. ఇంట్లో షాదీ పెట్టుకున్నవాళ్ళు, దాదీమా నానీమాల మాటలు వీడియో తీసి దాచుకోవాలని అనుకుంటున్నవాళ్ళు ఆఖరిదాకా చదవండి. నాకు జరిగిన నుక్సాన్ మీకు జరగకూడదన్నదే నా నియ్యత్.

కోనసీమలో ఆత్రేయపురం దగ్గర వాడపల్లి అని ఒక ఊరు. గౌతమి గోదావరి గట్టున ఉంటుంది. అక్కడి వేంకటేశ్వరస్వామి గుడి వల్ల జనం దాన్ని కోనసీమ తిరుపతి అంటారు. శనివారం వెళ్తే కాలు పెట్టే జాగా ఉండదు. ఏడు శనివారాల మొక్కుకు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. నేను వెళ్ళింది మాత్రం 1931 మార్చి 30 కోసం.

ఆ నెల ఎలాంటి నెలో ఒకసారి యాద్ చేసుకోండి. మార్చి 5న గాంధీ ఇర్విన్ ఒప్పందం. మార్చి 23న లాహోర్ జైల్లో భగత్ సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌లకు ఉరి. సరిగ్గా వారం తర్వాత వాడపల్లిలో చైత్ర ఏకాదశి రథోత్సవం. జనం రథం మీద గాంధీ పటం పెట్టారు. పోలీసులు తీసేయమన్నారు. జనం తీయమన్నారు. గోలీ పేలింది. స్వామి రథం లాగడానికి వచ్చినవాళ్ళలో కొందరు ఇంటికి తిరిగి వెళ్ళలేదు.

ఆ రోజు అక్కడ సినిమా కెమెరా ఎవరు తెస్తారు? కాగితాల్లో ఉన్నది కొంత. మిగిలిందంతా మన పెద్దలు అనే సీనా బ సీనా, అంటే ఒక ఛాతీ నుంచి ఇంకో ఛాతీకి, తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన మాటే. తమాషా ఏమిటంటే, దానికి పదహారు రోజుల ముందే, మార్చి 14న, బొంబాయి మెజెస్టిక్ సినిమాలో అర్దెషిర్ ఇరానీ తీసిన 'ఆలం ఆరా' విడుదలయ్యింది. హిందుస్తాన్‌లో తెర మీద బొమ్మ నోరు విప్పి మాట్లాడిన మొదటి సినిమా. మాట్లాడింది మన ఉర్దూ, హిందుస్తానీలోనే. కానీ ఇవాళ ఆ సినిమా ప్రింటు ఒక్కటి కూడా ఎక్కడా దొరకదు. పోస్టర్లు, ఫోటోలు మిగిలాయి. ఆవాజ్ పోయింది. రికార్డు చేయడం ఒక పని, అది నిలబడేలా చేయడం ఇంకో పని అని ఆ ఒక్క మార్చి నెలే చెప్తోంది.

ఇక నా సంగతి. కొన్నేళ్ళ కిందట ఒక వ్యాసం కోసం వాడపల్లి వెళ్ళాను. ఎనభై దాటిన ఒక పెద్దాయన ఉన్నారని తెలిసింది. 1931లో రథం దగ్గర ఉన్నది ఆయన తండ్రి. అరుగు మీద కుర్చీ వేసి, కెమెరా స్టాండు నిలబెట్టి, కాలర్‌కు మైకు తగిలించాను.

"తాతగారూ, మీ నాన్నగారు మీకు ఎలా చెప్పారో అలాగే చెప్పండి. మధ్యలో నేను మాట్లాడను" అన్నాను.

"ఆయ్, చెప్తానండి. ఆ డబ్బాలోకి చూడమంటారా, మీ మొహంలోకి చూడమంటారా?" అన్నారాయన.

నా మొహంలోకే చూడమన్నాను. ఆయన మొదలుపెట్టారు. మొదట తడబడ్డారు, తర్వాత దారిలో పడ్డారు. రథం తాడు వాళ్ళ నాన్న ఎలా పట్టుకున్నాడో చూపించడానికి రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్ళు ముడిచి, వెనక్కి వాలారు. కుర్చీలో కూర్చున్న మనిషి ఒక్క క్షణం రథం లాగుతున్నట్టే కనిపించారు. నేను కళ్ళార్పకుండా ఆయన్నే చూస్తున్నాను. ఆయన చెప్పడం ముగించాక కెమెరా వైపు తిరిగితే, ఎర్ర చుక్క లేదు. తెర మీద ఒక సందేశం ఉంది. కార్డు రాసే వేగం చాలక రికార్డింగ్ ఆగిపోయిందట. లోపల ఉన్నది నాలుగు నిమిషాలే. ఆ నాలుగు నిమిషాల్లో ఆయన ఊరు, పేరు, వాళ్ళ పొలం సంగతి ఉన్నాయి. తాడు లేదు, చేతులు లేవు.

సిగ్గు చంపుకుని మళ్ళీ అడిగాను. ఆయన మంచివారు, కాదనలేదు. "ఇందాక చెప్పేశాను కదండీ" అని నవ్వి, అంత కథనూ రెండు ముక్కల్లో ముగించారు. చేతులు ఒళ్ళోంచి లేవలేదు. అందులో ఆయన తప్పేం లేదు. ఒకసారి గుండెలోంచి వచ్చిన మాట హుకుం ఇస్తే మళ్ళీ రాదు. తర్వాత ఏడాది మళ్ళీ వెళ్దామని ఫోన్ చేశాను. ఆయన లేరని చెప్పారు.

ఆ రోజు ఆయన చెప్పింది నాకు యాద్ ఉంది. కానీ అది నా నోటి మాట అవుతుంది, ఆయన గవాహీ కాదు. పేపర్‌లో ఇన్నేళ్ళు పనిచేసినవాణ్ణి, ఆ ఫరక్ నాకు తెలుసు.

ఇంటికొచ్చాక లెక్క చూసుకున్నాను. గలతీ ఎక్కడ జరిగింది? అది తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మన చిన్నప్పటి షాదీ వీడియోలు గుర్తున్నాయా? భుజం మీద పెద్ద కెమెరా, వెనకాల లైటు పట్టుకుని ఒక కుర్రాడు, ఆ వేడికి దుల్హా చెమటలు. అందులో ఉండేది వీహెచ్ఎస్ కేసెట్. జపాన్‌లో జేవీసీ కంపెనీ 1976లో తెచ్చిన తరీఖా అది. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో ఆ టేపు సెకనుకు 2.3 సెంటీమీటర్ల పైచిలుకు వేగంతో కదిలేది. మూడు గంటల కేసెట్ వేస్తే మూడు గంటలు. మోటారు తిరుగుతున్నంతసేపూ రికార్డు అవుతూనే ఉండేది. 1995లో వచ్చిన మినీడీవీ కూడా అంతే. అది డిజిటల్, గంటకు దాదాపు 13 జీబీ సమాచారం ఆ చిన్న టేపులోకి ఎక్కేది. అక్కడా వేగం మోటారుదే. టేపు కొనేవాడు రఫ్తార్ గురించి ఫికర్ పడాల్సిన పని లేదు. టేపు నలిగేది, మన గోదావరి జిల్లాల తేమకు బూజు పట్టేది, అది వేరే సంగతి. కానీ "నేను నెమ్మదిగా రాస్తాను, ఆగు" అని టేపు ఎప్పుడూ అనలేదు.

కార్డు అలా కాదు. కార్డులో కదిలేది ఏదీ లేదు. దాని లోపలున్న ఫ్లాష్ మెమరీని తోషిబా కంపెనీ ఇంజనీరు ఫుజియో మసువొకా కనిపెట్టారు. 1984లో మొదటి రకాన్ని, 1987లో ఇవాళ కార్డుల్లో వాడే నాండ్ అనే రకాన్ని లోకానికి చూపించారు. పెద్ద భాగాన్ని ఒక్క దెబ్బలో చెరిపేయడం చూసి, కెమెరా ఫ్లాష్ వెలిగినట్టుందని ఆయన సహోద్యోగి ఒకరు ఆ పేరు పెట్టారట. మన సమస్యకు జడ్ ఆ చెరపడంలోనే ఉంది.

మదర్సాలో తఖ్తీ మీద రాసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. తఖ్తీ కడిగి, ముల్తానీ మట్టి పూసి, ఆరబెట్టి, అప్పుడు రాయాలి. పాత అక్షరాల మీద కొత్తవి రాయలేం. ఫ్లాష్ కూడా అంతే. చెరిపి సిద్ధంగా ఉన్న చోటే రాయగలదు. పైగా రాసేది చిన్న చిన్న పేజీలుగా, చెరిపేది మాత్రం చాలా పేజీలున్న పెద్ద బ్లాకుగా. కొత్త కార్డులో అన్నీ కడిగిన తఖ్తీలే కాబట్టి పరుగెడుతుంది. నెలల తరబడి తీసి, కొన్ని ఫైళ్ళు చెరిపి, కొన్ని ఉంచి వాడిన కార్డులో జాగా ముక్కలు ముక్కలుగా ఉంటుంది. అప్పుడది పనికొచ్చే పేజీలను పక్కకు జరిపి, బ్లాకు చెరిపి, ఆ తర్వాత రాయాలి. ఈలోగా కెమెరా నుంచి వీడియో నదిలా వస్తూనే ఉంటుంది. కెమెరా లోపల బఫర్ అనే చిన్న చెరువు ఉంటుంది. అది నిండేదాకా ఓర్చుకుంటుంది. నిండాక కెమెరా రికార్డింగ్ ఆపేస్తుంది. వాడపల్లిలో నాలుగో నిమిషంలో జరిగింది అదే.

ఫోటోలకు ఇది పెద్ద ముసీబత్ కాదు. ఫోటోకు, ఫోటోకు మధ్య కార్డుకు ఊపిరి దొరుకుతుంది. 1994లో శాన్‌డిస్క్ కాంపాక్ట్‌ఫ్లాష్ తెచ్చినప్పుడు గానీ, 1999లో శాన్‌డిస్క్, మత్సుషితా (అంటే పానసోనిక్), తోషిబా కలిసి ఎస్‌డీ కార్డు ప్రకటించినప్పుడు గానీ, అందరూ అడిగింది ఎన్ని ఫోటోలు పడతాయనే. 2006లో 32 జీబీ దాకా పట్టే ఎస్‌డీహెచ్‌సీ వచ్చింది. దాంతోపాటే కార్డు మీద గుండ్రటి గీతలో 2, 4, 6 అంకెలు కనిపించాయి. 10 తర్వాత చేరింది. ఆ అంకె అర్థం చాలా సీదా. ఎంత తక్కువకు పడిపోయినా సెకనుకు అన్ని మెగాబైట్లు రాసి తీరతానని కార్డు ఇచ్చే వాదా. క్లాస్ 10 అంటే కనీసం 10 మెగాబైట్లు.

2008లో జమానా మారింది. ఫోటోల కోసం చేసిన నికాన్ డీ90 వీడియో తీసింది, వెంటనే కెనాన్ 5డీ మార్క్ 2 ఫుల్ హెచ్‌డీ తీసింది. మన ఊళ్ళ ఫోటో స్టూడియోలు నెమ్మదిగా కేసెట్ కెమెరాలు పక్కన పెట్టి వీటికి మారాయి. తర్వాత 4కె వచ్చింది. పాత అంకెలు చాలలేదు. కాబట్టి యూ అక్షరం లోపల 1, 3 అంకెలు వచ్చాయి: యూ1 అంటే కనీసం 10, యూ3 అంటే కనీసం 30 మెగాబైట్లు. 2016లో వీడియో కోసమే వీ గుర్తు పెట్టారు: వీ6, వీ10, వీ30, వీ60, వీ90. అక్షరం పక్కన ఉన్న అంకే సెకనుకు కనీస మెగాబైట్లు. ఒకప్పుడు మోటారు మోసిన జిమ్మేదారీ ఇప్పుడు ఈ చిన్న అంకె మోస్తోంది. దాన్ని చూసి కొనాల్సిన జిమ్మేదారీ మన మీద పడింది.

కానీ దుకాణంలో మన కంటికి ముందు కనిపించేది ఆ అంకె కాదు. పెద్ద అక్షరాలతో 100, 170, 200 అని ఉంటుంది. అది చాలాసార్లు చదివే వేగం, అంటే వీడియోను కార్డు నుంచి కంప్యూటర్‌లోకి దించుకునే వేగం. అదీ గరిష్ఠం. పైగా ఒకటే వరుస పిన్నులున్న యూహెచ్ఎస్-1 రకం కార్డుకు ప్రమాణం ప్రకారం హద్దే 104. అంతకుమించి రాసినవి ఆ కంపెనీ సొంత రీడర్‌లో పెడితేనే వచ్చే వేగాలు. రికార్డింగ్‌కు మనకు కావలసింది రాసే వేగం, అదీ ఎంత పడిపోయినా దిగని కనీసం.

ఇప్పుడు నా లెక్క చూడండి. నా కెమెరా 4కెలో సెకనుకు 100 మెగాబిట్లు పంపిస్తుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు. వందను ఎనిమిదితో భాగిస్తే 12.5 మెగాబైట్లు. నా దగ్గరున్నది 128 జీబీ కార్డు. దాని మీద పెద్దగా 100 అని ఉంది, చిన్నగా గుండ్రం గీతలో 10 ఉంది. అంటే కార్డు వాదా 10, కెమెరా అడిగింది 12.5. కొన్ని కెమెరాలు ఇలాంటి కార్డు పెడితే మొదటే వద్దంటాయి. నాది మురవ్వత్‌తో ఒప్పుకుంది, నాలుగు నిమిషాలు లాగింది, ఆపేసింది.

ఇంకో మాట చెప్తే నా మీద నాకే కోపం వస్తుంది. ఆ రోజు అదే కార్డుతో పని జరిగేది. సెట్టింగ్ మార్చి ఫుల్ హెచ్‌డీ, 50 మెగాబిట్లలో తీసి ఉంటే సెకనుకు 6.25 మెగాబైట్లు చాలు. కార్డు హాయిగా రాసేది. ఒక పెద్దాయన గవాహీకి 4కె ఎందుకు? కెమెరా కొత్తది, షౌక్ ఎక్కువ. ఆ షౌక్‌కు కట్టిన జుర్మానా అది.

కాబట్టి బజార్‌కు వెళ్ళే ముందు కెమెరా మాన్యువల్‌లో ఒక్క అంకె వెతకండి: మీరు తీయబోయే మోడ్‌లో సెకనుకు ఎన్ని మెగాబిట్లు. దాన్ని ఎనిమిదితో భాగించండి. వచ్చిన దానికంటే ఎక్కువ వాదా ఇచ్చే గుర్తున్న కార్డు తీసుకోండి. ఫుల్ హెచ్‌డీకి మామూలుగా యూ1 లేదా వీ10 చాలు. 100 మెగాబిట్ల 4కెకు యూ3 లేదా వీ30. 200 మెగాబిట్లంటే 25 మెగాబైట్లు, వీ30 సరిపోతుంది గానీ జాగా తక్కువ మిగులుతుంది. 400 మెగాబిట్లు అడిగే మోడ్‌లకు 50 మెగాబైట్లు కావాలి, వీ60 తీసుకోవాలి. ఆ పైన వీ90. వీ60, వీ90 కార్డులకు వెనకాల రెండు వరుసల పిన్నులుంటాయి. వాటిని యూహెచ్ఎస్-2 అంటారు. మీ కెమెరాకు రెండో వరుస చదివే సదుపాయం లేకపోతే ఆ కార్డు మామూలు యూహెచ్ఎస్-1 వేగంతోనే పనిచేస్తుంది. ఆ అదనపు పైసా ఫుజూల్ ఖర్చే. మాన్యువల్ ఫలానా గుర్తే ఉండాలని రాస్తే లెక్క పక్కన పెట్టి దాని మాట వినండి. ఏ1, ఏ2 అని ఉన్నవి ఫోన్‌లో యాప్‌ల కోసం పెట్టిన గుర్తులు, వీడియోకు వాటితో పని లేదు.

జాగా లెక్క కూడా ఇలాగే. 100 మెగాబిట్లతో గంట తీస్తే 45 జీబీ. 128 జీబీ కార్డులో రెండున్నర గంటల పైన పడుతుంది. షాదీ అంతా ఒకే పెద్ద కార్డులో తీయడం కంటే రెండు మధ్యరకం కార్డుల్లో తీయడం మేలని నా సలహా. ఒకటి పోయినా నికా ఒకదాంట్లో, రుఖ్సతీ ఇంకోదాంట్లో ఉంటుంది. కెమెరాలో రెండు స్లాట్లుంటే రెండింట్లోనూ ఒకేసారి రాసే సెట్టింగ్ పెట్టుకోండి. అప్పుడు రెండు కార్డులూ చాలినంత తేజ్‌గా ఉండాలని మరచిపోవద్దు.

నకిలీ కార్డుల ధోకా ఒకటుంది. లోపల 16 జీబీ పెట్టి, 256 అని చూపించేలా చేసి అమ్ముతారు. కంప్యూటర్ కూడా 256 అనే నమ్ముతుంది. అసలు జాగా నిండాక తీసినవి ఎక్కడా నిలవవు, లేదా ముందు తీసినవాటి మీదే పడతాయి. వలీమా తీస్తుంటే నికా చెరిగిపోతుందన్నమాట. ధర మరీ సస్తాగా ఉంటే షక్ పడండి. కొన్న రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లేదా ఎఫ్3 లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొత్తం నింపి, తిరిగి చదివించి చూడండి. రాసే వేగం ఎంతో కూడా అందులోనే తెలుస్తుంది.

పెద్ద పనికి ముందు పాత వీడియోలన్నీ వేరే చోట భద్రం చేసి, కార్డును కంప్యూటర్‌లో కాకుండా అదే కెమెరాలో ఫార్మాట్ చేయండి. తఖ్తీ కడగడం అనుకోండి. తర్వాత మీరు తీయబోయే మోడ్‌లోనే గోడకు ఎదురుగా పెట్టి ఇరవై నిమిషాలు ఆపకుండా తీయండి. నేను ఇంట్లో ఆ ఇరవై నిమిషాలు పెట్టి ఉంటే వాడపల్లిలో అలా జరిగేది కాదు. రికార్డింగ్ మధ్యలో ఆగితే ఆ కార్డులో మళ్ళీ ఏమీ తీయకండి. పక్కన పెట్టి ఇంకోటి వేయండి. దాని మీద కొత్తది పడకపోతే, సగం రాసిన ఫైలు సాఫ్ట్‌వేర్‌తో దొరికే ఉమ్మీద్ ఉంటుంది. నేను చేసిన రెండో గలతీ ఇదే, అదే కార్డులో మళ్ళీ తీశాను.

ఇంకొకటి. కార్డును ఖజానా అనుకోవద్దు, అది ముసాఫిర్‌ఖానా. ఫ్లాష్‌లో సమాచారం నిలిచేది చిన్న విద్యుదావేశంగా. వాడకుండా ఏళ్ళ తరబడి బీరువాలో పడేస్తే అది మెల్లగా కారిపోతుంది. రాత్రికి రాత్రే రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి దించి, ఒకటి ఇంట్లో, ఒకటి బంధువుల ఇంట్లో పెట్టండి. 'ఆలం ఆరా'కు అలా జాగ్రత్తగా దాచిన ఇంకో ప్రింటు ఎక్కడైనా ఉండి ఉంటే ఇవాళ మనం ఆ ఆవాజ్ వినేవాళ్ళం.

ఉర్దూ మీడియం బడిలో మాకు జ్ఞాపకశక్తిని హాఫిజా అని చెప్పారు. ఖురాన్ మొత్తం గుండెలో పెట్టుకున్నవాణ్ణి హాఫిజ్ అంటాం. రెండూ ఒకే మాట నుంచి వచ్చాయి, అర్థం కాపాడటం. హాఫిజ్ కావాలనుకునే పిల్లాడు రోజూ పాత సబఖ్ మళ్ళీ వల్లె వేస్తాడు, ఉస్తాద్ విని దిద్దుతాడు. గుండెలో పెట్టుకున్నదానికే అంత పహరా ఉంటే, గోరంత ప్లాస్టిక్ ముక్కను పరీక్షించకుండా నమ్మడం ఎంత అమాయకత్వం!

మొన్న మా ఖాలా వాళ్ళ ఇంటికి వెళ్ళాను. తొంభైకి దగ్గర పడ్డారు. పాతరోజుల సంగతులు మొదలుపెట్టారు. ఈసారి వీ30 కార్డు, కెమెరాలో ఫార్మాట్ చేసింది, ఫుల్ హెచ్‌డీ. మాట్లాడుతున్నంతసేపూ ఒక కన్ను ఆమె మీద, ఒక కన్ను ఎర్ర చుక్క మీద. యాభై ఏడు నిమిషాలు వచ్చింది. మధ్యలో ఆమె రొట్టె పిండి ఎలా కలిపేవారో చేతులతో చూపించారు. అదీ ఉంది, అల్హందులిల్లాహ్.

మీ ఇంట్లో కూడా అలాంటి చేతులుంటాయి. ఈ జుమ్మా దాటకముందే కార్డు గుర్తు చూసుకుని, వాళ్ళ ముందు కూర్చోండి.

ఖుదా హాఫిజ్.